తోలు పరుచుకునేంత సేపు

అత్తయ్య నాతో మాట్లాడటం మానేసి మూడు రోజులైంది. ఈ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి తోలు పాడయ్యేసరికి మామయ్య కూడా మానేశారు. ఇక కొట్లో నాతో మాట్లాడే మనిషి మా ఆయనొక్కడే మిగిలాడు. ఆయన మాట్లాడేదానికంటే ఊరుకోవడమే నయం.

"పోనీలేవే. ఇంకో ముక్క ఉందిగా," అన్నాడు, సోలు అరగదీసే చక్రం ఆపి.

"ఆ ఒక్కటే ఉంది."

"అదేగా నేనూ అంటున్నది. ఉందిగా!"

పాడైన తోలు కోత బల్ల మీద నలిగి పడి ఉంది. మడమ దగ్గర ఉండాల్సిన వంపు వేళ్ళ దగ్గరికి వచ్చింది. వేళ్ళ దగ్గర ఉండాల్సింది బల్ల దాటి కింద పడింది. మామయ్య కుడిచేతి చూపుడువేలు పదే పదే తడిమి చూసుకుంటున్నారు. వేలు క్షేమంగానే ఉంది. బల్లకున్న కత్తి దానంతటదే దిగేటప్పుడు ఆయన చెయ్యి ఇంకా తోలు మీదే ఉంది.

తప్పు నాదే. కాదని నేనెక్కడా అనలేదు. పాత కంప్యూటరు మూలుగుతోందని దాన్ని కంప్యూటర్ల కొట్టువాడికిచ్చేసి కొత్తది తెచ్చింది నేనే. అత్తయ్య రాసిన ప్రోగ్రామ్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. ముందు ఆవిడతో ఒక్కమాట చెప్పి ఉండాల్సింది. ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆశ్చర్యపోయారు. అప్పట్నుంచీ మాటల్లేవు. పాతదాన్ని వెనక్కి తెద్దామని పరిగెత్తితే, కొట్టువాడు అప్పటికే దాన్ని విప్పేసి నాకు గుప్పెడు మరలు చూపించాడు.

మాది రెండు కాళ్ళూ ఒకేలా లేనివాళ్ళకి బూట్లు కుట్టే కొట్టు. ఒకరికి ఒక కాలు పొట్టి, ఒకరికి పాదం వంకర, ఒకరికి మడమ ఒరుగు. ఎవరికి ఎంత తేడా ఉందో అత్తయ్య కొలుస్తారు. ఆ తేడాని బూటులో ఎక్కడెక్కడ సర్దాలో ముప్పై ఏళ్ళ కిందట ఆవిడే రాసుకున్న ప్రోగ్రామ్ లెక్కగడుతుంది. తోలు కోసే బల్లని నడిపించేదీ అదే.

ఆ ప్రోగ్రామ్‌కి కొత్త కంప్యూటరు అస్సలు నచ్చలేదు. రెండు రోజులు కిందా మీదా పడి, కొత్తదాని లోపల అచ్చం పాత కంప్యూటరులా నటించే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పట్టుకొచ్చాను. బల్లకి కొత్త వైరు తగిలించాను. నిన్న సాయంత్రానికి నీలం తెరా, తెల్ల అక్షరాలూ, అన్నీ లేచి కూర్చున్నాయి. ఎగిరి గంతేశాను కూడా. ఆ సంబరం ఇవాళ పొద్దున తొమ్మిదింటిదాకా నిలిచింది.

"అక్కా, కోత అయిపోయిందా?" అంటూ ఉత్తరాలమ్మాయి లోపలికి వచ్చింది.

పాడైన తోలు ఈ అమ్మాయి ఎడమ బూటుదే, కుడిది పోయినవారమే కోసిపెట్టాం. ఎడమకాలు బొటనవేలంత పొట్టి. మా బూట్లతో ఎనిమిదేళ్ళు వీధివీధీ తిరిగి ఉత్తరాలు పంచింది. ఆర్నెల్ల కిందట ఎవరి మేడమెట్ల మీదో జారిపడితే, ఆఫీసులో కూర్చోబెట్టి ముద్రలు కొట్టిస్తున్నారు. రేపు పదింటికి నడక పరీక్ష. నిండు సంచి భుజాన వేసుకుని గంటసేపు నడవాలి, మూడంతస్తులు ఎక్కి దిగాలి. నెగ్గితే మళ్ళీ వీధుల్లోకి. లేకపోతే ఇక ఎప్పటికీ ముద్రలే.

"ముద్రలు కొట్టీ కొట్టీ పిచ్చెక్కుతోందక్కా. నిన్న ఇంట్లో అన్నం కంచం మీద కూడా కొట్టబోయాను," అని నవ్వుతూనే బల్ల వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. "అది నాదేనా?"

మా ఆయన మళ్ళీ చక్రం తిప్పసాగాడు.

"నాదే," అని తనే అనేసుకుని బెంచీ మీద కూలబడింది.

"ఇంకో ముక్క ఉందమ్మా," అన్నారు మామయ్య.

"దాన్ని మీరే చేత్తో కోసెయ్యకూడదూ బాబాయ్‌గారూ?"

మామయ్య రెండు చేతులూ ముందుకు చాపారు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. "కత్తి పట్టడం మానేసి మూడేళ్ళయిందమ్మా. వెంట్రుకవాసి తేడా వచ్చినా నీ కాలు ఊరుకోదు." మా ఆయనకి సోలు పని తప్ప రాదు. నాకు కుట్టు తప్ప రాదు. కొయ్యాలంటే ఆ బల్లే కొయ్యాలి, అదీ మధ్యాహ్నం ఒంటిగంట లోపల కొయ్యాలి. లేకపోతే కుట్టి, సోలు అంటించి, ఆరబెట్టడానికి టైము చాలదు.

"నేను ఇక్కడినుంచి కదలను. ఇవాళ సెలవు పెట్టే వచ్చాను," అంది ఉత్తరాలమ్మాయి.

"కూర్చో కూర్చో. ముద్రలు కొట్టడానికేమన్నా కావాలంటే చెప్పు, మా నాన్న నుదురు ఖాళీగానే ఉంది," అన్నాడు మా ఆయన. మామయ్య ఉరిమి చూశారు.

"అసలేం జరిగింది మామయ్యా? ఒక్కసారి మొదట్నుంచీ చెప్పండి," అన్నాను.

మామయ్య కొడుకు వైపు తిరిగారు. "నీ పెళ్ళానికి చెప్పరా. ముందు బల్ల సుద్దతో గీత గీస్తుంది. ఆ గీత లోపల నేను తోలు పరవాలి. మచ్చలు తప్పించాలి, సాగే వైపేదో చూసుకోవాలి, నాలుగు మూలలా బిగించాలి. అప్పుడు కత్తి దిగాలి. ముప్పై ఏళ్ళుగా అంతే. ఆ మిషన్ మహా నిదానం. నేను పని ముగించి, చేతులు దులుపుకుని, ఇంకా దిగదేంటా అని దానికోసం ఎదురుచూసేవాణ్ణి. ఇవాళ గీత గీయడమూ కత్తి దిగడమూ ఒక్కటే! ఏం కొంప మునిగిందనో దానికంత తొందర!"

"మధ్యలో స్విచ్ ఆపేస్తే సరి," అన్నాడు మా ఆయన.

"ఆపితే బల్ల మళ్ళీ మొదటికొస్తుంది, గీసిన గీత ఎందుకూ పనికిరాదు. పుట్టి బుద్ధెరిగి ఇదే కొట్లో ఉన్నావు, ఆ మాత్రం తెలీదుట్రా?"

మొత్తానికి నాకో సంగతి అర్థమైంది. గీతకీ కత్తికీ మధ్య ప్రోగ్రామ్‌లో ఎక్కడో ఆగేది ఒకటుంది. కొత్త కంప్యూటరులో అది ఆగడం లేదు. అదెక్కడుందో చూద్దామంటే, బల్లని నడిపే భాగాన్ని విప్పడానికి వీల్లేకుండా అత్తయ్య ఎప్పుడో తాళం బిగించేశారు.

ముగ్గురం అత్తయ్య కూర్చున్న లోపలి గది తలుపు వైపు చూశాం.

"నువ్వెళ్ళరా," అన్నారు మామయ్య.

మా ఆయన వెళ్ళాడు. పది లెక్కపెట్టేలోపు తిరిగొచ్చాడు. "'నాకు తెలుసు, చెప్పను' అంటోంది."

ఇక నాకూ ఒళ్ళు మండింది. కొంగు బిగించి నేనే వెళ్ళాను.

అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని, బూటు అచ్చుకి వాడే కొయ్య పాదం ఒకటి ఒళ్ళో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దుతున్నారు. తలెత్తలేదు.

"అత్తయ్యా, కోపముంటే నన్ను నాలుగు తిట్టండి. ఆ అమ్మాయేం చేసింది?"

గరుకు కాగితం చప్పుడు.

"రేపు పదింటికి పరీక్షట."

చప్పుడు ఇంకాస్త పెరిగింది.

"పోనీ ఆ తాళం ఎలా తియ్యాలో చెప్పండి. మిగతా తంటాలు నేను పడతాను."

చప్పుడు ఆగింది. తర్వాత కొయ్య పాదంతోనే చెప్తున్నట్టు, "నాకు గుర్తులేదే," అన్నారు.

"తాళమా?"

"తాళమూ లేదు, తలుపూ లేదు. ఒక్క ముక్క గుర్తులేదు. నిన్న నువ్వు తెర లేపినప్పుడు తలుపు సందులోంచి చూశాను. రాసింది నేనే. ఎవరో పరాయివాళ్ళు రాసినట్టుంది." ఆవిడ గొంతు చిన్నబోయింది. "అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేనే రాశానని చెప్పుకుంటూ వచ్చాను. ఆ పాత పెట్టె నడిచినన్నాళ్ళూ ఎవరూ విప్పి చూపించమనలేదు. నువ్వు కొత్తది తెచ్చి నా గుట్టు బయటపెట్టావు."

"దీనికా మూడు రోజులు నాతో మాట్లాడలేదు?"

"మాట్లాడితే అడుగుతావుగా!"

నాకు నవ్వాగలేదు. నవ్వితే ఇంకా కోపగించుకుంటారేమోనని కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడే ముందు పకపకా నవ్వేశారు. మూడు రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఆ క్షణాన తోలు సంగతి కూడా మర్చిపోయాను, నిజం చెప్పాలంటే.

"తాళం తీయడానికి లేదు," అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "మీ మామయ్య వేళ్ళు పెట్టి చెడగొడతారని అలా బిగించాను. అయితే బిగించే ముందు మొత్తం కాగితాల మీద అచ్చు తీసిపెట్టాను. రెండంచులా చిల్లులుండేవి చూడు, ఆ కాగితాలు. బల్ల భాగం విడిగా ఎనిమిదే. అది చూసి మళ్ళీ టైపు కొట్టుకుంటే చాలు, మిగతాదాన్ని తాకక్కర్లేదు."

"ఎక్కడున్నాయి?"

"ఇనప్పెట్టె కింద."

ఇనప్పెట్టె జరిపాం. కింద దుమ్ము ఉంది, ఒక బొత్తాం ఉంది, కాగితాల్లేవు. ఆ చప్పుడుకి మామయ్య గుమ్మంలోకి వచ్చారు.

"ఏం వెతుకుతున్నారు?"

"చిల్లుల కాగితాలు, మామయ్యా. అంచులకి చిల్లులుంటాయే, అవి."

మామయ్య మొహంలో రంగు మారింది. ఆయన గోడనీ, కప్పునీ, తన కాళ్ళనీ చూసుకున్నారు. అత్తయ్యని తప్ప అన్నిటినీ చూశారు.

"ఏమండీ," అన్నారు అత్తయ్య నెమ్మదిగా.

"అవి... మంచి బిర్రు కాగితాలు. ఎంత నలిపినా మెత్తబడవు."

"ఏమండీ!"

"బూట్లలో కుక్కాను."

కొట్లో వీధివైపు గోడకి పెద్ద అద్దాల బీరువా ఉంది. మామయ్య తన చేత్తో కుట్టిన మంచి మంచి జతలు నలభై ఒకటి దాన్లో వరసగా పెట్టుకున్నారు. వేళ్ళ దగ్గర అణగకుండా వాటి ముక్కుల్లో కాగితం కుక్కుతారు. ఏ బూట్లు కుట్టేవాళ్ళైనా చేసే పనే అది. కాకపోతే వేరేవాళ్ళు పాత పేపర్లు కుక్కుతారు.

"నా ప్రోగ్రామ్ బూట్లలో కుక్కారా! అప్పుడు అడిగితే తెల్లకాగితాలేనన్నారు!"

"వెనకవైపు తెల్లగానే ఉన్నాయిగా!"

మూడు రోజులుగా దాచుకున్న మాటలన్నీ అత్తయ్య ఒక్క విడతలో కక్కేశారు. నా వాటా కూడా మామయ్యకే దక్కింది. నేను ఓ పక్కన నిలబడి హాయిగా విన్నాను. ఉత్తరాలమ్మాయి అప్పటికే బీరువా తలుపు తెరిచి, "తిట్లు తర్వాత పిన్నిగారూ, ముందు కాగితాలు తీద్దాం," అంటూ నేలమీద చతికిలబడింది.

అందరం కూర్చున్నాం. నలభై ఒక్క జతలు, ఎనభై రెండు బూట్లు. చెయ్యి పెట్టడం, లాగడం, విప్పి నేలకేసి సాపుచేయడం. బూటు సైజుకి సరిపడా నలిపిన ఉండల్లోంచి అత్తయ్య ముప్పై ఏళ్ళ కిందటి రాత బయటికొస్తోంది. మిగతా భాగాలవి కూడా దొరుకుతున్నాయి, వాటిని పక్కన పెడుతున్నాం. మూల మీద అంకె ఉండబట్టి బతికిపోయాం.

ప్రోగ్రామ్ రాసేవాళ్ళు మధ్యమధ్యలో తమకోసం చిన్న గమనికలు రాసుకుంటారు. మిషన్ వాటిని చదవదు, దాటుకుంటూ పోతుంది. అత్తయ్యా రాసుకున్నారు, మన మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో. మొట్టమొదటి గమనిక ఉత్తరాలమ్మాయే కూడబలుక్కుని చదివింది.

"'ఇక్కడ్నుంచి ఎడమ పాదం. పిల్లాడు ఏడుస్తున్నాడు. చూసొస్తాను.'"

"ఎవరు, నేనా?" అన్నాడు మా ఆయన.

"ఇంకెంతమందిని కన్నాన్రా!"

"'చూశాను. చెంచా మింగాడనుకున్నాను. మింగలేదు, బూటులో దాచాడు.'"

"ఈ ఇంట్లో అందరికీ బూట్లలోనే దాచే జబ్బుందన్నమాట," అన్నాను నేను.

ఇంకో కాగితం విప్పాను. "'ఆయన కాఫీ అడిగారు. ఇచ్చాను. మళ్ళీ అడిగారు. మడమ వంపు తప్పొచ్చింది. ఆయన వల్లే.'"

"వంపు తప్పితే నా కాఫీదా తప్పు?" అని మామయ్య లేచారు.

"రెండో కాఫీది," అన్నారు అత్తయ్య.

నవ్వలేక పొట్ట పట్టుకున్నాం. వీధిలో పోయేవాళ్ళు అద్దంలోంచి తొంగిచూస్తున్నారు. ఓ కుటుంబం మొత్తం నేలమీద కూర్చుని బూట్లలోంచి కాగితాలు లాగి చదువుకుని నవ్వుకుంటోందంటే చూడరూ మరి.

పదకొండు దాటింది. బల్ల భాగంలో ఏడు దొరికాయి, ఐదోది దొరకలేదు. బీరువా పై అరలో ఒక్క నల్ల బూటు మిగిలింది. దాన్లోంచి మామయ్యే లాగారు. కింది సగం లోపలి జిగురుకి అంటుకుని చిరిగిపోయింది. పై సగం చేతికొచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"'గీత అయింది. ఇక ఆయన తోలు పరుచుకోవాలి. ఆయనకి నిదానం. లక్షా ఇరవై వేలదాకా ఊరికే లెక్కపెట్టు. తొందరపెట్టకు.'"

చదివి ఆగిపోయారు. మళ్ళీ మొదట్నుంచి లోలోపల చదువుకున్నారు.

"అంటే మిషన్ నిదానం కాదా?"

"కాదు," అన్నారు అత్తయ్య.

"నేనా?"

"మీరే."

"ముప్పై ఏళ్ళూ నేనే ముందనుకున్నానే!"

"అనుకోనిచ్చాను."

మా ఆయన నోరు తెరవబోతే మోచేత్తో పొడిచాను.

"నాతో ఒక్కసారైనా అనలేదేం?" అన్నారు మామయ్య. కోపంగా కాదు.

"అంటే తొందరపడేవారు. తొందరపడితే వేలు పోయేది," అన్నారు అత్తయ్య.

మామయ్య మళ్ళీ ఆ చూపుడువేలే చూసుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అటు తిరిగిపోయారు. పెళ్ళై ఆరేళ్ళు ఈ ఇంట్లో ఉండి, వీళ్ళిద్దరూ పోట్లాడుకోవడం తప్ప ఏమీ చేయరనుకున్నాను. ఎంత మొద్దుని నేను!

ఆగేది దొరికింది. పాత కంప్యూటరు అంకెలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ లక్షా ఇరవై వేలు చేరేసరికి రెండు నిమిషాలు పట్టేది. కొత్తది అదే లెక్క రెప్ప వేసేలోపు ముగించేసి, చెప్పిన మాట తు.చ. తప్పకుండా కత్తి దించేసింది. పాపం దాని తప్పేముంది!

నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. ఉత్తరాలమ్మాయి కాగితాలు చదువుతుంటే నేను కొట్టుకుంటూ పోయాను. చెరిగిపోయిన చిరునామాలు చదివి చదివి ఆరితేరిన కళ్ళవి, ఒక్క చుక్క వదల్లేదు. ఐదో కాగితం సగం దగ్గర ఆగిపోయాం. కత్తి ఏ మూలనుంచి బయల్దేరి ఎటు తిరగాలో ఆ చిరిగిన సగంలోనే ఉంది.

"అత్తయ్యా?"

"నాకు గుర్తులేదని చెప్పానుగా."

"గుర్తు తెచ్చుకోవద్దు. మీరే కత్తనుకోండి, ముందెటు వెళ్తారు?"

అత్తయ్య కళ్ళు మూసుకున్నారు. చూపుడువేలు బల్ల అంచు మీద ఆన్చారు. తర్వాత వేలు కదిలింది. "ముందు మడమ. అక్కడ తోలు మందం. కత్తి వేడెక్కకముందే అది కోసెయ్యాలి. తర్వాత లోపలి వంపు. వేళ్ళ దగ్గరికొచ్చేసరికి మెల్లగా. కాదు కాదు, మెల్లగా కాదు, ముందు కత్తి పైకి లేవాలి, లేచి తిరగాలి..." టక్కున కళ్ళు తెరిచారు. "జరుగు!"

కొత్తదాన్ని చచ్చినా ముట్టుకోనన్న మనిషి నన్ను కుర్చీలోంచి నెట్టేసి తనే కూర్చున్నారు. రెండే వేళ్ళతో కొట్టారు. నాలుగు వరసలు. ఆవిడ మొహం వెలిగిపోతోంది. అడ్డమొస్తే కొడతారేమోననిపించింది.

"ఇక లక్షా ఇరవై వేల బదులు ఎంత పెడదాం?" అన్నాను.

"కోటి!" అన్నాడు మా ఆయన.

కోటి పెట్టాం. మామయ్య పాత పేపరు పరిచి మూడో మూల బిగించేలోపే కత్తి దిగిపోయింది. మా ఆయన సలహా మీదే యాభై కోట్లు పెట్టాం. అందరం కాఫీ తాగి గ్లాసులు కడుక్కుని వచ్చినా దిగలేదు.

"లెక్కే తీసెయ్," అన్నారు అత్తయ్య. "ఆయన మీట నొక్కేదాకా ఆగమను. అప్పుడు అలా రాయొచ్చని నాకు తెలీదు. లెక్కపెట్టించడమొక్కటే తెలుసు."

ఒక్క వరస మార్చాను. మళ్ళీ పాత పేపరు మీద కోయించాం. మామయ్య మీట నొక్కాకే కత్తి దిగింది, చక్కగా తిరిగింది. ఇక మిగిలింది ఆ ఒక్క తోలు ముక్కే.

పన్నెండూ పది. సుద్ద గీత గీసింది. మామయ్య తోలు పరిచారు. మచ్చ కనిపించింది, తిప్పారు. సాగే వైపు లాగి చూసుకున్నారు. మళ్ళీ తిప్పారు. మూల బిగించి, విప్పి, మళ్ళీ బిగించారు. ఉత్తరాలమ్మాయి నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

"నాన్నా, ఇవాళ మరీ..."

"తొందరపెట్టకురా," అన్నారు అత్తయ్య.

మామయ్య చేతులు రెండూ వెనక్కి తీసుకుని, ఒక అడుగు దూరం జరిగి, అప్పుడు మీట నొక్కారు. కత్తి మడమ దగ్గర దిగింది. లోపలి వంపు తిరిగింది. వేళ్ళ దగ్గర లేచి, తిరిగి, దిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి ఆగింది. మామయ్య ముక్కని పైకెత్తి వెలుతురులో చూశారు. కొయ్య పాదానికి చుట్టి చూశారు. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు.

ఉత్తరాలమ్మాయి కేక పెట్టింది. మా ఆయన సోలు చక్రం ఊరికే తిప్పేశాడు. నేను అత్తయ్యని పట్టుకుని ముద్దు పెట్టేసుకున్నాను. "ఛీ, వదులు," అన్నారు కానీ కదల్లేదు.

సాయంత్రానికి కుట్టేశాను. మా ఆయన సోలు వేశాడు. శనివారం పొద్దున ఎనిమిదింటికి ఆ అమ్మాయి తొడుక్కుని, కొట్లో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచి, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయింది. అంత వాగుడుకాయకి మాట రాకపోవడం నేనెప్పుడూ చూడలేదు.

పదయింది. పదకొండయింది. మామయ్య వీధిలోకి వెళ్ళి వస్తున్నారు. అత్తయ్య మాత్రం కంప్యూటరు ముందునుంచి లేవలేదు. ఏం చేస్తున్నారంటే చెప్పరు.

పన్నెండింటికి వీధి మొదట్లోంచే అరుపు వినిపించింది. "సోమవారంనుంచి వీధుల్లోకే! పిన్నిగారూ, వీధుల్లోకే!" లోపలికి వచ్చి మామయ్యని పట్టుకుని గిర్రున తిప్పింది. "మెట్ల మీద నాతోపాటు ఎక్కిన ఆఫీసరు ఆయాసపడి రెండో అంతస్తులో ఆగిపోయాడు, నేను పైకెళ్ళి కిందికొచ్చాను!" వెనకాలే నలుగురు వచ్చారు, అందరూ ఉత్తరాలు పంచేవాళ్ళే. ఒకాయన కుంటుతున్నాడు. "వీళ్ళకీ కాళ్ళు కొలవాలట. నేనే లాక్కొచ్చాను."

మామయ్య ఉబ్బితబ్బిబ్బయ్యారు. "కూర్చోండి, కూర్చోండి! ఏమోయ్, కొలతల టేపు తీసుకురా!"

"తేను," అన్నారు అత్తయ్య లోపలినుంచే.

అత్తయ్య గుమ్మంలోకి వచ్చారు. చేతిలో ఆ నలిగిన కాగితాలన్నీ దొంతరగా ఉన్నాయి.

"ఇవాళ్టినుంచి నేను కొలతలు తీయను. మొత్తం ప్రోగ్రామ్ మళ్ళీ రాస్తాను. బల్లే కాదు, పాదం, మడమ, అన్నీ."

"ఇప్పుడు బానే నడుస్తోందిగా!" అన్నారు మామయ్య.

"నడవడం లేదు. కొత్తదాని లోపల పాతదై నటిస్తోంది. ఎన్నాళ్ళు నటిస్తుంది?"

"ఎన్నాళ్ళు పడుతుంది నీకు?"

"ఏమో. ఆర్నెల్లు. ఏడాది."

"నీకు అరవై ఎనిమిదొచ్చాయి!"

"అందుకే ఆగలేను." అత్తయ్య గొంతు తగ్గింది. "అప్పుడు మీ కాఫీకీ వీడి ఏడుపుకీ మధ్య రాశానండీ. ఒక్క వరసా స్థిమితంగా రాయలేదు. ఒక్కసారి కూర్చుని, మధ్యలో లేవకుండా, చివరిదాకా రాయాలనుంది."

వచ్చిన నలుగురూ ఎటు చూడాలో తెలియక కాళ్ళు ముడుచుకున్నారు. ఈ కొట్లో కాళ్ళు కొలవడం అత్తయ్యకొక్కరికే వచ్చు. ఆవిడ కొలవకపోతే బల్లా లేదు, బూటూ లేదు. మామయ్య తను రోజూ కూర్చునే చేతుల కుర్చీని రెండు చేతులా ఎత్తుకుని, ఆవిడ పక్కనుంచి లోపలి గదిలోకి తీసుకెళ్ళారు.

"ఆ ముక్కాలిపీట మీద ఏడాది కూర్చుంటే నడుం విరుగుతుంది," అన్నారు బయటికొచ్చి, ఎవరి వైపూ చూడకుండా.

అత్తయ్య మెడలోని టేపు తీసి నా మెడలో వేశారు.

"అత్తయ్యా, నాకు రాదు! ఒక్క కాలైనా కొలవలేదు నేను!"

"నాకు మాత్రం ప్రోగ్రామ్ రాయడం వచ్చే మొదలుపెట్టానా?"

లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. గడియ పడింది. కుంటుతున్న పెద్దాయన అప్పటికే మేజోడు విప్పేసి, పాదం నా ముందుకి చాపి, నమ్మకంగా నా మొహంలోకి చూస్తున్నాడు.